వదిన తుఫాను ఆల్బం

గాలివానల కాలం ఇంకో నెలలో మొదలవుతుందనగా మా వదిన, అన్నయ్య పాత చొక్కా ఒకటి బట్టల మీద తొడుక్కుని, చేతులు మోచేతుల దాకా మడిచి, వీధిలోకి బయల్దేరేది. ఒక జేబులో సుద్దముక్కలు, ఇంకో జేబులో చిన్న కెమెరా, చంకలో ఆ రోజు పేపరు. వెనక నిచ్చెన మోస్తూ నేను.

"ఏం మరిదీ, నిచ్చెనని నువ్వు మోస్తున్నావా, నిన్ను నిచ్చెన మోస్తోందా?" అనేది, రెండో ఇంటికే నేను రొప్పుతుంటే.

"ప్రెస్సులో కూర్చుని ప్రూఫులు దిద్దుకునేవాణ్ణి వదినా. నన్నిలా కూలికి దింపితే ఎలా?"

"తప్పులు పట్టడం నీకలవాటేగా. ఇవాళ అచ్చులో కాదు, ఇళ్ళ కప్పుల్లో పట్టు."

మా వీధిలో ముప్ఫై రెండు ఇళ్ళు. సగం రేకుల కప్పులు, సగం పెంకులు. ఒక్కదాన్నీ వదిలేది కాదు. రేకుల్ని దూలాలకి పట్టి ఉంచే కొక్కెం బోల్టు తుప్పు పట్టినా, దాని కింది రబ్బరు వాషరు పగిలినా, కిటికీ రెక్క వదులై ఊగుతున్నా, వాన నీళ్ళ గొట్టంలో ఆకులు కూరుకున్నా, చుట్టూ సుద్దతో ఒక సున్నా చుట్టేది. ఇంటివాళ్ళలో ఒకరు పక్కన పేపరు పట్టుకుని నిలబడాలి, తేదీ కనబడేట్టు. అప్పుడు ఫొటో. బాగు చేయించుకున్నామని కబురొచ్చాక మళ్ళీ వెళ్ళి, తన చేత్తో బోల్టు లాగి చూసి, సున్నా మీద అడ్డంగా గీత కొట్టి, ఆ రోజు పేపరుతో రెండో ఫొటో. ఆల్బంలో ఇంటికో పేజీ. ఎడమ పక్క సున్నా ఉన్న ఫొటో, కుడి పక్క కొట్టేసిన ఫొటో. కింద రెండు ముక్కలు రాయడం నా వంతు, నా దస్తూరీ బాగుంటుందని.

"ఈ వీధి మగాళ్ళు పేపరు ముట్టుకునేది నా ఫొటోల కోసమే. అదీ తలకిందులుగా పట్టుకుంటారు," అనేది.

ఆమె పోయి పది నెలలైంది. జబ్బు చేసింది మూడు వారాలే. ఆ ఆల్బంలు, ఏడాదికొకటి చొప్పున పద్నాలుగు, ఇప్పుడు నా గదిలో ఉన్నాయి. వాటిని తెరవకుండానే, గుర్తున్నంత వరకు ఇది రాస్తున్నాను. తెరిస్తే నా అక్షరాల వెనక ఆమె గొంతు వినబడుతుంది, ఇక పని సాగదు.

ఈ పిచ్చి ఆమెకి ఊరికే పట్టలేదు. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు, తరవాత ఎనిమిదేళ్ళు ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు ఆఫీసులో టైపిస్టుగా చేసింది. అక్కడ ఆమె పని దాదాపు ఒకటే, క్లెయిము ఇవ్వలేమని చెప్పే ఉత్తరాలు టైపు చేయడం. "చింతిస్తున్నాము అన్న మాట కొట్టీ కొట్టీ, ఆ మిషన్‌లో చ అక్షరం అరిగిపోయిందయ్యా," అనేది. ఏజెంటు వయసు మీద పడి ఆఫీసు మూసేశాడు. ఈమె ఇంట్లో కూర్చుంది. కానీ ఆ ఉత్తరాలు మాత్రం తల్లోంచి పోలేదు. ఏ ఇంటికి ఎందుకు రాలేదో, ఏ ఫొటో ఒక్కటి ఉంటే వచ్చేదో, అడక్కుండానే చెప్పేది.

"అబద్ధాలాడి పోగొట్టుకున్నవాళ్ళు చాలా తక్కువ," అనేది. "ఎక్కువమంది శుభ్రత వల్ల పోగొట్టుకున్నారు."

అది నాకు అర్థం కావడానికి ఒక తుఫాను పట్టింది. ఎదురింట్లో రిటైరైన టీచరమ్మ ఉండేది. ఆమె ఇల్లు అద్దంలా ఉండాలి. ఆ ఏడు గాలికి పెంకులు లేచిపోయి ముందు గదంతా నీళ్ళు. తెల్లారి వదిన వెళ్ళేసరికి టీచరమ్మ గోడలు కడిగేసి, తడిసిన పరుపు చెత్తబండికి ఎత్తించేసి, విరిగిన పెంకులు ఏరించి, గుమ్మంలో నీళ్ళు చల్లుకుంటోంది.

వదిన గడపలోనే చతికిలబడింది. "టీచరమ్మగారూ, గోడ మీద తడి ఎంత ఎత్తు దాకా వచ్చింది?"

"నడుం దాకా. చూడు, ఒక్క మరకైనా మిగిల్చానా!"

"అయ్యో, అదే మిగలాల్సిందండీ! రేపు సర్వేయరు వచ్చి ఇంత చక్కటి గది చూసి, ఇక్కడ తుఫాను ఏ మూల వచ్చిందమ్మా అంటే ఏం చెబుతారు?"

టీచరమ్మ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అంటే మురికిలో కూర్చోమంటావా? వచ్చేవాడు ఏమనుకుంటాడే?"

మా వీధిలో అందరిదీ అదే తప్పు. ఇంటికి పరాయి మనిషి వస్తున్నాడంటే ముందు చీపురు అందుకుంటారు. ఆ మనిషి నష్టం చూడ్డానికి వస్తున్నా సరే. ఆ ఏడు టీచరమ్మకి పెంకుల వరకే వచ్చింది. ఆ తరవాతి ఏడాది నుంచి వదిన ఇంటింటికీ ఒకటే పాట పాడింది. "ముందు ఫొటో, తరవాత చీపురు. తడిసింది పారేయకండి, ఓ మూల పెట్టండి. వాన కారకుండా పట్టా కప్పుకోండి, అది మీ పని. కప్పేముందు ఒక ఫొటో తీసుకోండి, అది నా పని."

తుఫాను వెళ్ళిన మర్నాడు ఆమె కాళ్ళకి చక్రాలు కట్టుకున్నట్టు తిరిగేది. మధ్యాహ్నానికల్లా ముప్ఫై రెండు ఫారాలూ మా భోజనాల బల్ల మీద. పరుపు ఎప్పుడు కొన్నారు, తలుపు ఏ చెక్క, ఫాను ఏ గదిది, అడిగి అడిగి తల తినేది. "సుమారుగా అని రాయమంటారా? సుమారుగా రాస్తే సుమారుగానే ఇస్తారు," అని బెదిరించేది. జనం నవ్వుతూనే రసీదులు వెతికి తెచ్చేవాళ్ళు.

మా వైపు వచ్చే సర్వేయరు ఒక బక్కపల్చటి మనిషి. ఎప్పుడూ గొడుగు చేతిలో ఉండేది, వాన లేకపోయినా. మొదటిసారి ఆల్బం చూసి నవ్వాడు. "ఏంటమ్మా ఇది, పెళ్ళి ఆల్బమా?"

"పెళ్ళిదే అనుకోండి సార్. ఇందులో ఎవరూ నవ్వరు, అంతే తేడా."

ఆయన నమ్మలేదు. నమ్మడం ఆయన ఉద్యోగంలో లేదు. బేకరీ పేజీకి వచ్చేసరికి, పొగ గొట్టం మీది టోపీ గాలికి ఎగిరిపోయిందని బేకరీ ఆయన ఆవేశంగా చెబుతున్నాడు. వదిన ఎడమ పక్క ఫొటో మీద వేలు పెట్టింది.

"ఇది రాసుకోకండి సార్. గాలికి పోలేదు, నెల ముందే విరిగింది. సున్నా చుట్టాను, ఆయన బాగు చేయించలేదు. తక్కినవన్నీ నిజంగా తుఫానువే."

బేకరీ ఆయన ముఖం మాడిపోయింది. "అక్కా! నువ్వు మా తరఫా, కంపెనీ తరఫా?"

"నీ తరఫే. ఈ ఒక్కటీ ఒదులుకుంటే మిగతా ఏడూ నీకొస్తాయి."

వచ్చాయి. సర్వేయరు ఆ రోజు ఆ పేజీ వైపు చాలాసేపు చూశాడు. ఆ తరవాత ఏటా ఆయన మా వీధికి వస్తే ముందు మా గుమ్మం ఎక్కేవాడు. ఆల్బంలో ఉన్నది చూసి, నాలుగైదు ఇళ్ళు ఊరికే తిరిగి సరిపోల్చుకుని, వెళ్ళిపోయేవాడు. పక్క వీధుల వాళ్ళకి రెండు మూడు తనిఖీలు అయ్యేవి, నెలలు పట్టేది. మాకు మూడు వారాలు. బేకరీ ఆయన ఆర్నెల్లు వదినతో మాట్లాడలేదు గానీ, పొగ గొట్టానికి కొత్త టోపీ మాత్రం వేయించాడు.

ఇక మా ఇంటి సంగతి.

అన్నయ్య వడ్రంగి. ఇంటి వెనకే షెడ్డు. పొడుగ్గా, రేకుల కప్పుతో. లోపల చిత్రిక మిషను, రంపం బల్ల, గోడకి ఆనించి ఆర్డరు తలుపులు. ఆల్బంలో ముప్ఫై రెండో పేజీ మాదే. ఎనిమిదో ఏడు వదిన ఆ షెడ్డు కప్పు మీద, గాలి తగిలే అంచున, నాలుగు బోల్టుల చుట్టూ సున్నాలు చుట్టింది. పేపరు పట్టుకుని నిలబడింది అన్నయ్యే.

"రేపు బిగిస్తాలే," అన్నాడు.

ఆ రేపు రాలేదు. తుఫాను హెచ్చరిక వచ్చిన దగ్గర్నుంచి రెండు రోజులు అన్నయ్య వీధంతా తిరిగి కిటికీలకి చెక్కలు కొడుతూనే ఉన్నాడు. టీచరమ్మ ఇంటికి తొమ్మిది కిటికీలు. బేకరీకి అద్దాల ముఖద్వారం. ఎవరు పిలిస్తే వాళ్ళింటికి, సుత్తి భుజాన వేసుకుని. వదిన రెండుసార్లు గుర్తు చేసింది. "మన బోల్టులండీ." "మనది ఎక్కడికి పోతుందే, చివర్లో చూస్తా." సాయంత్రానికి వస్తుందన్న గాలి మధ్యాహ్నానికే వచ్చేసింది. అన్నయ్య అప్పుడు ముప్ఫై ఒకటో ఇంటి చివరి కిటికీ మీద ఉన్నాడు.

షెడ్డు కప్పు సరిగ్గా ఆ అంచు నుంచే లేచింది. మేం ఇంట్లో కిటికీ సందులోంచి చూస్తుండగానే ఒక రేకు చప్పట్లు కొట్టినట్టు కొట్టుకుని, పక్కదాన్ని లాక్కుని, వరసంతా పోయింది. తరవాత చెట్టుకొమ్మ ఒకటి వచ్చి పక్క గోడ మీద పడింది. వాన తగ్గాక వెళ్ళి చూస్తే మిషను నీళ్ళలో, తలుపులు ఉబ్బిపోయి, రంపం పొట్టు ముద్దముద్దగా. అన్నయ్య ఒక తలుపు మీద చెయ్యి వేసి, జ్వరం చూసినట్టు చూశాడు.

ఆ సాయంత్రం మామూలుగానే ముప్ఫై రెండు ఫారాలూ బల్ల మీదికి చేరాయి. మర్నాడు సర్వేయరు వస్తాడు. అన్నయ్య ఆల్బం ముందుకు లాక్కుని చివరి పేజీ తెరిచాడు. ఎడమ పక్క నాలుగు సున్నాలు, పేపరుతో తను. కుడి పక్క ఖాళీ.

"ఈ పేజీ తీసెయ్," అన్నాడు.

వదిన పెన్ను ఆపింది. "తీస్తే ముప్ఫై ఒకటే ఉంటాయి. ఆయన లెక్కపెట్టుకుంటాడు."

"మర్చిపోయామని చెబుదాం. లేదా నేనిప్పుడు నాలుగు బోల్టులు ఎక్కడో బిగిస్తాను, గీత కొట్టి ఫొటో తియ్యి. పాత పేపరు ఉంది. ఎవడికి తెలుస్తుంది?"

"మీకు తెలుసు. నాకు తెలుసు. వీడికి తెలుసు," అంటూ నా వైపు చూసింది.

"కప్పు లేకపోతే నేనెక్కడ పని చేయాలే? ఆర్డర్లు పోతాయి. నేను ఊరికే కూర్చుని పోగొట్టుకున్నానా? వీధంతా తిరిగి..." అన్నయ్య ఆల్బం పక్కకి తోశాడు.

అంతలో బేకరీ ఆయన తన ఫారం మీద సంతకం పెట్టడానికి వచ్చాడు. సంగతి గ్రహించాడు. గుమ్మంలోంచే, "తీసెయ్యి అక్కా," అన్నాడు. "నా గొట్టం మాట మనసులో పెట్టుకోకు. బావగారు మా అద్దాలు కాపాడబోయి తనది పోగొట్టుకున్నాడు. నేనేం అనను, ఈ వీధిలో ఎవరూ ఏమీ అనరు."

"అనరు. నాకు తెలుసు," అంది వదిన. "కానీ రేపు ఆయన ఈ ముప్ఫై ఒక్క పేజీలూ ఎందుకు నమ్ముతాడు? నేను ఎవరి పేజీలోనూ చెయ్యి పెట్టలేదనే కదా. మా పేజీ దగ్గర చెయ్యి పెడితే మీ అందరి పేజీలూ ఉత్త ఫొటోలైపోతాయి."

అన్నయ్య లేచి బయటికి వెళ్ళిపోయాడు. బేకరీ ఆయన కూడా వెళ్ళాక వదిన ఆ పేజీ మీద అరచెయ్యి వేసుకుని చాలాసేపు కూర్చుంది. తరవాత కళ్ళు తుడుచుకుని, మా ఫారం ముందుకు లాక్కుని, "కింద వివరం రాయి," అంది నాతో. "నాలుగు బోల్టులు, బిగించలేదు. అంతే. ఎందుకు బిగించలేదో రాయకు, అది మన గొడవ."

సర్వేయరు పొద్దున్నే వచ్చాడు. ఒక్కో పేజీ తిప్పుతూ, అప్పుడప్పుడూ రాసుకుంటూ చివరిదాకా వచ్చాడు. ఆగాడు. అన్నయ్య ద్వారబంధం దగ్గర, చేతులు కట్టుకుని. సర్వేయరు ఖాళీగా ఉన్న కుడి పక్క చూశాడు, తల ఎత్తి కప్పు లేని షెడ్డు చూశాడు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మా, రెండో ఫొటో అంటించడం మర్చిపోయినట్టున్నారు," అన్నాడు మెల్లిగా. "వెతికి పెట్టండి. నేను టీ తాగి వస్తాను."

అది ఆయన మమ్మల్ని గట్టెక్కించడానికి అందిస్తున్న చెయ్యి అని మా ముగ్గురికీ అర్థమైంది. మాట కోసం వదిన తడుముకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"వెతకక్కర్లేదు సార్," అంది. "రెండో ఫొటో లేదు. బోల్టులు బిగించలేదు. టీ మాత్రం తాగి వెళ్ళండి."

ఆయన టీ తాగాడు. గ్లాసు కింద పెట్టి, గొడుగు అందుకుని వెళ్ళిపోయాడు.

మూడు వారాలకి ఉత్తరాలు వచ్చాయి. ముప్ఫై ఒక్క ఇళ్ళకీ రెండో తనిఖీ లేకుండానే మంజూరైంది. ఆ తుఫానుకి ఊళ్ళో అలా అయిన వీధి మాదొక్కటే. మాకు కొమ్మ పడి విరిగిన పక్క గోడ వరకు ఇచ్చారు. యజమాని అశ్రద్ధ వల్ల కప్పు పోయింది కాబట్టి, కప్పుకీ, అది పోవడం వల్ల తడిసిన సరుక్కీ ఇవ్వలేమని రాశారు. అన్నయ్య చదివి, మడిచి, బల్ల మీద పెట్టాడు. వదిన చదివి, ఒక లాయరు ఆఫీసులో టైపిస్టు కావాలంటున్నారని తెలుసుకుని మర్నాడే వెళ్ళి చేరింది. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. నెల తిరిగేసరికి మూడు రేకులు వచ్చి షెడ్డు గోడకి ఆనాయి.

అన్నయ్య ఆమెతో అవసరమైనవి తప్ప మాట్లాడేవాడు కాదు. "ఉప్పు", "తాళం చెవి", "వస్తున్నా". అంతే. ఆరుబయటే, రంపం బల్ల మీద పట్టా కట్టుకుని పని చేసేవాడు. వాన వస్తే పట్టా మిషను మీద వేసి, తను తడిసేవాడు. మంజూరు ఉత్తరాలు అందుకున్నవాళ్ళలో కొందరు డబ్బు సాయం చేస్తామని వచ్చారు. వద్దని పంపేశాడు. వదినతో కూడా ఆ మాట చెప్పలేదు, నేను చెబితేనే ఆమెకి తెలిసింది.

ఒక ఆదివారం పొద్దున. ఒక పొడుగాటి పలక చీల్చాలి. రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి. నేను లేచి వెళ్ళేలోపే వదిన వచ్చి, చొక్కా చేతులు మడిచి, కొస పట్టుకుంది. అన్నయ్య ఆమె వైపు చూడకుండా రంపం ఆడించడం మొదలుపెట్టాడు. సగం కోత అయ్యేసరికి, పక్క వీధి నుంచి ఒక పెద్దమనిషి తలుపుల ఆర్డరు ఇవ్వడానికి వచ్చాడు. కప్పు లేని షెడ్డు చూసి ముక్కున వేలేసుకున్నాడు.

"ఇదేంటి మేస్త్రీ! ఇన్సూరెన్సు రాలేదా? మీ వీధికంతా వచ్చిందన్నారే. కంపెనీవాళ్ళు మోసం చేశారా?"

వదిన తల వంచుకుని పలక వైపు చూస్తోంది. అన్నయ్య రంపం ఆపాడు.

"మోసం ఏమీ లేదండీ. నాలుగు బోల్టులు బిగించమని చెప్పింది. నేను బిగించలేదు. అదే రాసిచ్చింది."

"ఎవరు, ఈవిడా? సొంత ఇంటి మీదే?" ఆయన నోరు వెళ్ళబెట్టాడు.

"ఈవిడే." అన్నయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "మీ వీధిక్కూడా పిలుచుకోండి, వస్తుంది. కానీ ముందే చెబుతున్నా, ఉన్నది ఉన్నట్టే తీస్తుంది. తరవాత నన్ననకండి."

ఆ గొంతులో ఉన్నది ఫిర్యాదు కాదు. నేను గుమ్మంలో నిలబడి విన్నాను కాబట్టి చెబుతున్నాను. కొడుకు మార్కులు చెప్పుకునే తండ్రి గొంతు అది.

వదిన తల ఎత్తింది. కళ్ళు నిండుగా ఉన్నాయి. కొస మాత్రం వదల్లేదు.

"పలక కదులుతోంది," అంది. "కబుర్లాపి కోయండి."